పైన కొత్త కారు, కింద వేలం నోటీసు

శెనక్కాయలు తిన్న తరువాత పొట్లం కాగితాన్ని విప్పి చదివే అలవాటు అనంతపురం ప్రాంతంలో చాలామందికి వుంది. బస్సు కోసం కాచుకున్నవారికి అదొక కాలక్షేపం. ఆ కాగితం ఒక్కొక్కసారి ఏ పాత దినపత్రికలోని జిల్లా పేజీయో అయివుంటుంది. వార్త సగానికి చిరిగిపోయి వుండవచ్చు. కాని కింది మూలన కారు బొమ్మ, దాని పక్కన డీలరు పేరు, ఫోను నెంబరు మాత్రం చెక్కు చెదరకుండా కనిపిస్తాయి. ఆ కారు తయారీ ఆగిపోయి ఏళ్లు గడిచి వుంటాయి. ఫోను నెంబరులో అంకెలు యిప్పటి కన్న తక్కువ. ఇక ధర చూస్తే ముందు నవ్వు వస్తుంది, ఆ వెనుక నిట్టూర్పు వస్తుంది.

పాత వార్తల కోసం చరిత్రకారులు గ్రంథాలయాలు గాలిస్తారు. పాత ప్రకటనల కోసం గాలించేవారు అరుదు. అయితే ఒక ఊళ్లో ఏ సంవత్సరం ఎవరి చేతిలో నాలుగు డబ్బులు ఆడాయో, ఎవరి చేతిలో నుంచి జారిపోయాయో తెలుసుకోవాలంటే ప్రకటనలను మించిన సాక్ష్యం తక్కువ. అందులోనూ కారు ప్రకటన. తిండి గింజలు, గుడ్డలు అందరూ కొంటారు. కారు అలా కాదు. పంట పండి, అప్పు పుట్టి, రేపటి మీద నమ్మకం కుదిరితే తప్ప దాని జోలికి ఎవరూ పోరు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన, అది కూడా ఏటా నమ్మకంగా పడని యీ మెట్టనేల మీద ఆ మూడూ ఒక్కసారిగా కలిసిరావడం తేలిక కాదు.

మౌంటు రోడ్డు మోటార్లు

1953 అక్టోబర్ 1న ఆంధ్రరాష్ట్రం ఏర్పడేవరకు అనంతపురం జిల్లా మద్రాసు రాష్ట్రంలో భాగంగా వుండేది. సర్కారు ఉత్తర్వులకు వలెనే మోటారు కార్లకు కూడా మద్రాసే ముఖ్యస్థానం. అక్కడి మౌంటు రోడ్డులోని సింప్సన్ కంపెనీ 1903లోనే ఆవిరితో నడిచే కారును తయారు చేసి జనాన్ని ఆశ్చర్యపరచింది. అదే రోడ్డు మీద అడిసన్ కంపెనీ మారిస్ కార్లు అమ్మేది. 1928లో అమెరికాకు చెందిన జనరల్ మోటార్స్ విడిభాగాలను ఓడలో తెప్పించి బొంబాయిలో బిగించడం ప్రారంభించింది.

అప్పటికి అమెరికాలో కారు సామాన్యుని గుమ్మం తొక్కింది. 1908లో 850 డాలర్లకు వచ్చిన ఫోర్డు మోడల్ టి కారు, 1920 దశకం నడుమకు 300 డాలర్ల లోపుకు దిగింది. అక్కడి పత్రికల్లో కారు ప్రకటన రైతును, గుమాస్తాను ఉద్దేశించి మాట్లాడేది. ఇక్కడ మద్రాసు పత్రికల్లో కనిపించే కారు ప్రకటన దొరలను, జమీందార్లను, ప్లీడర్లను ఉద్దేశించినది.

తెలుగు పత్రికకు, ప్రకటనకు వున్న బంధం మాత్రం కార్ల కన్న పాతది. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు 1893లో బొంబాయిలో అమృతాంజనం వ్యాపారం ప్రారంభించారు. 1908లో అక్కడే ఆంధ్రపత్రిక వారపత్రికను స్థాపించి, 1914లో మద్రాసు నుంచి దినపత్రికగా తెచ్చారు. తలనొప్పి మందు మీద వచ్చిన లాభం పత్రికకు ఊపిరి పోసింది. ప్రకటన విలువ తెలిసిన వ్యాపారి, అక్షరం విలువ తెలిసిన సంపాదకుడు ఒక్కరే కావడం తెలుగువారి అదృష్టమనే చెప్పాలి.

అనంతపురం జిల్లాకు కూడా తనదైన పత్రిక వుండేది. పప్పూరు రామాచార్యులు 1926లో ప్రారంభించిన శ్రీ సాధన పత్రిక యీ ప్రాంతపు కరువును, రాజకీయాన్ని, సాహిత్యాన్ని లోకానికి తెలియజేసింది. అలాంటి జిల్లా పత్రికలకు చందాలు, చిన్నచిన్న ప్రకటనలే ఆధారం. మోటారు కంపెనీ దృష్టి అంత దూరం పోదు. కారు కొనగలవాడు ఎలాగూ మద్రాసు పోతాడు, లేదా బెంగళూరు పోతాడు. అనంతపురంలో అతనికోసం ప్రకటన వేయవలసిన అగత్యం ఎవరికీ లేదు.

అమ్మేవాడు నోరు విప్పని కాలం

స్వాతంత్ర్యం తరువాత పరిస్థితి మరో మలుపు తిరిగింది. కార్లను బిగించడమే గాక దేశంలోనే తయారుచేసే ప్రణాళిక వున్న కంపెనీలే వుండాలని 1953లో కేంద్ర ప్రభుత్వం నిర్ణయించింది. ఫోర్డు, జనరల్ మోటార్స్ తప్పుకున్నాయి. చివరకు జనానికి మిగిలినవి ముఖ్యంగా మూడు. 1957లో ఉత్తరపారాలో తయారీ మొదలైన అంబాసిడర్, బొంబాయిలో ప్రీమియర్ వారు తయారుచేసిన ఫియట్, 1961 నుంచి మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డ్.

మూడు కార్లు, లక్షల కళ్లు. కోరినవాడికి వెంటనే కారు దొరకదు. 1959లో కార్ల పంపిణీ, అమ్మకాల మీద కేంద్రం నియంత్రణ ఉత్తర్వు తెచ్చింది. కొనదలచినవాడు డీలరు దగ్గర పేరు నమోదు చేయించుకుని వంతు కోసం కాచుకోవాలి. 1969 నుంచి ధరను కూడా ప్రభుత్వమే నిర్ణయించింది. ఆ వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది.

ఈ ఏర్పాటులో డీలరు ప్రకటన వేయడం దండుగ. సంవత్సరాల వెయిటింగు లిస్టు చేతిలో వున్నవాడు కొత్త గిరాకీని ఎందుకు పిలుస్తాడు? వ్యాపారి కొనుగోలుదారును వెతకడం గాక, కొనుగోలుదారే సిఫారసు ఉత్తరం పట్టుకుని వ్యాపారిని వెతికిన కాలం అది. నాటి పత్రికల్లో కారు డీలరు ప్రకటన అరుదుగా వుండటానికి మొదటి కారణం యిదే.

రెండవ కారణం పత్రికల వైపు వుంది. న్యూస్‌ప్రింటు కొరత వల్ల పేజీల మీద ఆంక్షలు వుండేవి. పేజీల సంఖ్యను బట్టి పత్రిక ధర నిర్ణయించి, ప్రకటనల జాగాను కూడా కట్టడి చేయబోయిన 1960 నాటి ఉత్తర్వును సుప్రీంకోర్టు 1961లో సకాల్ పత్రిక కేసులో కొట్టివేసింది. ప్రకటనలు తగ్గితే పత్రిక ధర పెరుగుతుంది, ధర పెరిగితే పాఠకులు తగ్గుతారు, అది భావప్రకటన స్వేచ్ఛకే దెబ్బ అని న్యాయస్థానం భావించింది. 1972-73 న్యూస్‌ప్రింటు విధానంలో పెట్టిన పది పేజీల పరిమితి కూడా అలాగే కోర్టులో వీగిపోయింది. ఏమైనా, దూరపు నగరంలో అచ్చయి రైలులోనో బస్సులోనో అనంతపురం చేరే ఆ కొద్ది పేజీల పత్రికలో యిక్కడి వ్యాపారికి చోటు దొరకడం గగనం. దొరికినా రాష్ట్రమంతటి పాఠకులకు రేటు కట్టాలి. గుంతకల్లులో దుకాణం వున్నవాడు శ్రీకాకుళం పాఠకుని కోసం డబ్బు చెల్లించడం ఏం న్యాయం?

అందుచేత జిల్లాలోని వ్యాపారులు వేరే దారులు చూసుకున్నారు. సినిమా హాలులో ఆట మొదలయ్యే ముందు చూపించే గాజు స్లయిడు, ఊరి మొదట గోడ మీద నీలిమందు రాత, ఉగాదికి పంచే క్యాలెండరు, జట్కా మీద మైకు. వీటిలోనూ కార్ల కన్న ఆయిల్ ఇంజన్లు, పంపుసెట్లు, టైర్లు, బ్యాటరీలే ఎక్కువ. బావిలో నీరు అడుగంటుతున్న రైతుకు కారు కన్న ఇంజనే ముఖ్యం కదా!

పదివేలు కట్టి కాచుకున్న కారు

1983 ఏప్రిల్‌లో మారుతి కారుకు బుకింగులు మొదలయ్యాయి. పదివేల రూపాయలు ముందుగా కట్టాలి. రెండు నెలలు తిరగకముందే లక్షకు పైగా జనం కట్టారు. డిసెంబర్ 14న ప్రధాని ఇందిరాగాంధీ మొదటి కారు తాళాలు అందజేశారు. అప్పటి ఫ్యాక్టరీ ధర సుమారు 47,500 రూపాయలు. అంటే కారును కంటితో చూడకముందే ధరలో అయిదో వంతుకు పైగా చెల్లించవలసి వచ్చింది. కారు ఎప్పుడు వస్తుందో తెలియదు. వంతును లాటరీ నిర్ణయిస్తుంది.

దేశంలో కారు ప్రకటనకు వున్న బలం సామాన్య జనానికి తెలిసివచ్చింది అప్పుడే. అంతవరకు కారును పరిచయస్తుల ద్వారా కొనేవారు. ఇప్పుడు పత్రికలో చదివి, బ్యాంకుకు వెళ్లి, డ్రాఫ్టు తీసి కొనవచ్చునని తేలింది. చాలాకాలం తరువాత, 2009లో లక్ష రూపాయల కారుగా పేరు మోసిన టాటా నానో కోసం జనం దరఖాస్తు ఫారాలు పట్టుకుని బ్యాంకుల ముందు నిలబడినప్పుడు, పెద్దవారికి 1983 గుర్తుకు రాక మానదు.

1993లో కార్ల తయారీకి లైసెన్సు విధానం తొలగిపోయింది. 1994లో టాటా సుమో, 1998లో శాంత్రో, ఇండికా వచ్చాయి. కాచుకునే వంతు కొనుగోలుదారు నుంచి అమ్మకందారుకు మారింది. డీలరుకు ప్రకటన అవసరం ఏర్పడింది. సరిగ్గా ఆ సమయానికి, ప్రకటన వేసేందుకు తగిన పేజీ కూడా జిల్లాలోకి వచ్చి కూర్చుంది.

జిల్లాకు ఒక పేజీ

1974 ఆగస్టు 10న విశాఖపట్నంలో మొదలైన ఈనాడు 1982లో తిరుపతి నుంచి కూడా ముద్రణ ప్రారంభించింది. రాయలసీమకు పత్రిక తెల్లవారేసరికి చేరే వీలు కలిగింది. 1989లో ఆ పత్రిక ఒక్కొక్క జిల్లాకు విడిగా చిన్న సైజు అనుబంధం యివ్వసాగింది. తరువాత తక్కిన తెలుగు దినపత్రికలు కూడా అదే బాట పట్టాయి. జిల్లా పేజీ అంటే మండలం వార్తలు, మార్కెట్టు ధరలు, నీటి ఎద్దడి, సంతాపాలు అని పాఠకులు అనుకుంటారు. పత్రిక లెక్కల్లో అది మరొకటి కూడా. చిన్న వ్యాపారికి అందుబాటులోకి వచ్చిన ప్రకటనల జాగా అది.

ఈ జాగాను కాలం సెంటీమీటర్లలో కొలుస్తారు. రెండు కాలాల వెడల్పు, పది సెంటీమీటర్ల ఎత్తు వుంటే 20 కాలం సెంటీమీటర్లు. రేటును దానితో గుణిస్తారు. రాష్ట్రమంతటికీ వేస్తే ఒక రేటు, ఒక్క జిల్లాకే వేస్తే అందులో చిన్న భాగం. ప్రకటన ఏజెన్సీ ద్వారా వస్తే దానికి కమీషను. బట్టల కొట్టు, నర్సింగుహోం, ట్యుటోరియల్ కాలేజీ, ఆ వరుసలో వాహనాల డీలరు జిల్లా పేజీకి వచ్చారు. గోడ రాతకు యిచ్చే డబ్బుతో పత్రికలో పేరు చూసుకోవచ్చు అన్న ఆశ చాలామందిని ఆకర్షించింది.

కారు ప్రకటన తయారయ్యే తీరు కూడా తెలుసుకోదగినది. బొమ్మ, నినాదం, పెద్ద అక్షరాలు అన్నీ కంపెనీ పంపిస్తుంది. కాశ్మీరులో వేసినా, కదిరిలో వేసినా అదే బొమ్మ. కొండల నడుమ పచ్చని దారి, తడిసిన రోడ్డు, దాని మీద మెరిసే బండి. అడుగున ఒక పట్టీ ఖాళీగా వదిలిపెడతారు. అందులో డీలరు పేరు, చిరునామా, ఫోను నెంబరు, బ్రాంచీలున్న ఊళ్లు చేరుస్తారు. అనంతపురం, హిందూపురం, గుంతకల్లు, ధర్మవరం, తాడిపత్రి. పచ్చని దారి ఎవరిదో గాని, ఆ కింది పట్టీ మాత్రం మనది. జిల్లా చరిత్ర అంతా ఆ వేలెడు పట్టీలోనే వుంది.

తేదీ చిరిగిపోయిన కాగితం దొరికినా ఆ పట్టీని బట్టి కాలాన్ని లెక్కకట్టవచ్చు. ఫోను నెంబరులో అంకెలు ఎంత తక్కువ వుంటే కాగితం అంత పాతది. పక్కన 08554 అని ఎస్టీడీ కోడు వుండి సెల్‌ఫోను నెంబరు లేకపోతే సెల్‌ఫోన్లు జిల్లాకు రాకముందు మాట. పాత కారు అమ్మకానికి వుందంటూ ఏపీ 02 నెంబరు వేసివుంటే 1989 తరువాతిది. ఆ యేటి నుంచే అనంతపురం వాహనాలకు ఆ సంఖ్య వచ్చింది. ఏపీ 39 అని వుంటే రాష్ట్రమంతటికీ ఒకే వరుస పెట్టిన 2019 తరువాతిది. అమ్మకపు పన్ను అని వుంటే 2005కు ముందు, వ్యాట్ అంటే ఆ తరువాత, జీఎస్టీ అంటే 2017 జులై తరువాత. చిన్నకార్ల మీద జీఎస్టీ 18 శాతానికి తగ్గిందని పేజీ నిండా హోరెత్తితే అది 2025 సెప్టెంబరు నాటిది.

ప్రకటనల భాష కూడా అలాగే మారుతూ వచ్చింది. మొదట్లో మా వద్ద లభించునని, ఒకసారి దర్శించండని వినయంగా పలికేది. ప్రారంభోత్సవమైతే దేవుని బొమ్మ, ముఖ్య అతిథుల పేర్లు, అందరూ ఆహ్వానితులే అన్న మాట తప్పనిసరి. తరువాత మైలేజీ గురించి, సీట్ల గురించి మాట్లాడింది. ఆ తరువాత బండి సంగతి వెనక్కు పోయి నెలసరి వాయిదా ముందుకు వచ్చింది. మొత్తం ధర కన్న ముందు కట్టవలసిన సొమ్మే పెద్ద అక్షరాలకెక్కింది. ఎంత అన్న ప్రశ్న పోయి, నెలకెంత అన్న ప్రశ్న వచ్చింది.

పంటను చూసి ప్రకటన

నెలకెంత అన్న ప్రశ్న జీతగానికి ఒక విధంగా, మెట్ట రైతుకు మరొక విధంగా వినిపిస్తుంది. ఒకటో తేదీన జీతం అందుకునేవాడికి వాయిదా గుండెల మీద బరువు కాదు. శెనక్కాయ రైతుకు ఏడాదికి ఒక్కసారే ఆదాయం. జూన్, జులైలలో విత్తనం వేసి, అక్టోబరు, నవంబరులలో పీకి, అమ్ముకుంటేనే చేతిలో డబ్బు. ఊడలు దిగే వేళ పదిహేను రోజులు వాన మొహం చాటేస్తే కాయ నిండదు. మిగిలేది పశువుల మేతే.

అందువల్లనే జిల్లా పేజీలో వాహనాల ప్రకటనలకు ఒక ఋతువు వుంది. దసరా నాటి ఆయుధపూజ, దీపావళి, పంట డబ్బు చేతికి వచ్చే సంక్రాంతి, కొత్త సంవత్సరాది ఉగాది. ట్రాక్టరు, జీపు, కారు, మోటారు సైకిలు ఒకదానితో ఒకటి పోటీపడతాయి. నీరున్న ప్రాంతాల్లో చీనీ తోటలు, టమోటా సాగు పెరిగిన తరువాత సరుకు మోసే చిన్న లారీలు, పికప్ బండ్లు కూడా ఆ వరుసలో చేరాయి. సీమ పేరు చెప్పగానే సుమోలు దుమ్ము రేపుకుంటూ వచ్చే సినిమాలు ఆ బండికి ఉచితంగా చేసిపెట్టిన ప్రచారం చిన్నది కాదు. అయితే సినిమాలో సుమో ఎక్కినవారి కన్న, పల్లెల మధ్య మనిషికింత అని తీసుకుని జనాన్ని చేరవేసి, ఆ డబ్బుతో వాయిదాలు కట్టిన డ్రైవర్లే యీ ప్రాంతపు అసలు కథానాయకులు.

వీరికి కారు హోదా చిహ్నం కాదు, బ్రతుకుతెరువు. బస్సు పోని ఊరికి బండి తిప్పితే నాలుగు డబ్బులు వస్తాయన్న లెక్కతో, కొంత భూమి మీద, కొంత బంగారం మీద అప్పు చేసి బండి తెచ్చినవారు వున్నారు. పంట బాగా వుంటే జనం తిరుగుతారు, బండి నిండుతుంది. పంట పోతే జనం బెంగళూరుకు వలస పోతారు, బండి ఇంటి ముందు నిలబడిపోతుంది. వాయిదా మాత్రం నిలబడదు.

అదే పేజీలో అడుగున

వేలం నోటీసు వచ్చేది అప్పుడే. అదే జిల్లా పేజీలో, ఒక్కొక్కసారి కొత్త కారు ప్రకటనకు అడుగునే, చిన్న అక్షరాలతో నల్లని చట్రంలో కనిపిస్తుంది. అప్పు తీర్చలేనివారి వాహనాలు ఫలానా తేదీన ఉన్నది ఉన్నట్టుగా వేలం వేయబడునని దాని సారాంశం. దాని పక్కనే కుదువ పెట్టిన బంగారు నగల వేలం జాబితా, పేర్లతో, ఖాతా నెంబర్లతో. మరొక పక్క ఇంటిని, స్థలాన్ని బ్యాంకు స్వాధీనపరచుకున్నట్టు తెలిపే ప్రకటన.

ఇవి ఎవరినో అవమానించడానికి వేసేవి కావు. చట్టం వేయమంటుంది కనుకనే వేస్తారు. 2002 నాటి సర్ఫేసీ చట్టం కింద స్థిరాస్తిని స్వాధీనం చేసుకుంటే రెండు ప్రముఖ పత్రికల్లో ప్రకటించాలి. అందులో ఒకటి ప్రాంతీయ భాషా పత్రిక కావాలి. బంగారం మీద అప్పులిచ్చే ఫైనాన్సు కంపెనీలు నగలను వేలం వేసేముందు ఒక ప్రాంతీయ భాషా పత్రికలోను, ఒక జాతీయ దినపత్రికలోను తెలియజేయాలని రిజర్వుబ్యాంకు నిబంధన. సొత్తు గుట్టుచప్పుడు కాకుండా చేతులు మారరాదని, ఋణగ్రస్తుడికి చివరి అవకాశం వుండాలని, సరైన ధర పలకాలని దీని ఉద్దేశం.

కాబట్టి ఆశను డీలరు అచ్చు వేయిస్తే, ఆశాభంగాన్ని చట్టం అచ్చు వేయిస్తుంది. రెండూ ఒకే పేజీలో, ఒకే కాలం సెంటీమీటరు కొలతలో కనిపిస్తాయి. కారు ప్రకటనను మాత్రమే కత్తిరించి దాచుకున్నవాడికి అందమైన బొమ్మ మిగులుతుంది. పేజీ మొత్తం దాచినవాడికి ఆ యేటి జిల్లా చరిత్ర మిగులుతుంది. ప్రకటనలు పెద్దవై నోటీసులు కురచైన యేడు ఏది? నోటీసులు పేజీని మింగిన యేడు ఏది? వర్షపాతం పట్టికలతో ఆ పేజీలను పక్కపక్కన పెట్టి చూస్తే విశ్వవిద్యాలయ విద్యార్థికి మంచి పరిశోధనాంశం కాగలదు.

చుక్క గుర్తు వెనుక

పాత ప్రకటనను చదవడం నేర్చుకుంటే కొత్తదాన్ని చదవడం కూడా వస్తుంది. ఎక్స్ షోరూం ధర అంటే బండిని రోడ్డు ఎక్కించడానికి అయ్యే మొత్తం ఖర్చు కాదు. రిజిస్ట్రేషను, జీవితకాలపు పన్ను, బీమా వేరు. ధర పక్కన చుక్క గుర్తు వుంటే, అడుగున షరతులు వర్తిస్తాయన్న చీమతలకాయంత అక్షరాలు వుంటాయి. చదవవలసినది ముందు వాటినే.

తప్పుదారి పట్టించే ప్రకటనల మీద ఫిర్యాదు చేసే అవకాశం 1984లో ఎం.ఆర్.టి.పి. చట్టానికి చేసిన సవరణతో వచ్చింది. 1986లో వినియోగదారుల రక్షణ చట్టం దాన్ని జిల్లా స్థాయికి తెచ్చింది. 2019లో దాని స్థానంలో కొత్త చట్టం వచ్చింది. 2022 జూన్‌లో వెలువడిన మార్గదర్శక సూత్రాల ప్రకారం, ప్రకటనలో చెప్పిన మాటకు వివరణ ఏదైనా వుంటే అది అదే భాషలో వుండాలి, అదే ఫాంటులో వుండాలి. పైన తెలుగులో తీపిగా చెప్పి, అడుగున ఇంగ్లీషులో చేదును దాచడం చెల్లదన్నమాట. ఈ సంగతి తెలిసిన కొనుగోలుదారులు ఎందరు? ప్రకటనను కత్తిరించి బిల్లుతో పాటు దాచుకోవడం మంచిది. తగాదా వస్తే వినియోగదారుల కమిషను ముందు ఆ కాగితమే సాక్ష్యం.

ఎర్రమంచి వద్ద వింత

కారు అన్నది పత్రికలోని బొమ్మగా మాత్రమే తెలిసిన యీ నేల మీద, చివరకు కారే తయారు కావడం విధి విలాసం కాక మరేమిటి? విజయనగర రాజులు తళ్లికోట యుద్ధం తరువాత రాజధాని చేసుకున్న పెనుకొండకు దగ్గరలో, ఎర్రమంచి వద్ద కొరియాకు చెందిన కియా కంపెనీ కార్ల కర్మాగారం నెలకొల్పింది. 2017 ఏప్రిల్‌లో రాష్ట్ర ప్రభుత్వంతో ఒప్పందం కుదిరింది. పెట్టుబడి 110 కోట్ల డాలర్లు. ఏడాదికి మూడు లక్షల కార్ల సామర్థ్యం. 2019 జనవరి 29న ప్రయోగాత్మకంగా మొదటి కారు బయటకు వచ్చింది. అదే సంవత్సరం ఆగస్టు 22న సెల్టోస్ కారును 9 లక్షల 69 వేల రూపాయల ప్రారంభ ధరతో మార్కెట్టులో విడుదల చేశారు. కర్మాగారానికి నీరు హంద్రీ-నీవా పథకంలోని గొల్లపల్లి జలాశయం నుంచి వస్తున్నది. శ్రీశైలం కృష్ణా జలాలు ఇంత దూరం ఎక్కివచ్చాక గాని కారు తయారీ సాధ్యపడలేదు.

దానితో జిల్లా పేజీ ముఖం మరోసారి మారింది. హైవే పక్కన ప్లాట్ల ప్రకటనలు, అద్దె ఇళ్ల ప్రకటనలు, ఐటీఐ చదివినవారికి ఉద్యోగావకాశాల ప్రకటనలు వచ్చాయి. కొరియా భాషలో బోర్డులు పెట్టిన హోటళ్లు వెలిశాయి. 2022 ఏప్రిల్ 4న పెనుకొండ, హిందూపురం, ధర్మవరం, కదిరి ప్రాంతాలు శ్రీ సత్యసాయి జిల్లాలోకి వెళ్లాయి. అనంతపురం జిల్లా పేజీ రెండు జిల్లాల పేజీలయింది. డీలర్ల పట్టీలో ఊళ్ల పేర్లు రెండుగా చీలిపోయాయి. ఇకముందు పాత పేజీ చూసేవారికి ఎర్రమంచి ఒకప్పుడు అనంతపురం జిల్లాలో వుండేదని గుర్తుచేసేది కూడా ఆ పట్టీయే కావచ్చు.

అయితే ఇంటి పక్కన తయారైన కారు అయినంత మాత్రాన ఇంటి ముందుకు రాదు. కర్మాగారం గేటు దాటి లారీల మీద దేశమంతా తిరగబోయే బండ్లను, రోడ్డు పక్క చేలో శెనక్కాయ పీకే కూలీలు తలెత్తి చూస్తారు. ఆ ఊళ్లవారికి అది నేటికీ ఎక్కువ భాగం చూసే వస్తువే గాని కొనే వస్తువు కాదు. ప్రకటన మారింది, పచ్చని దారి బొమ్మ మారింది, పట్టీ మారింది. వాన లెక్క మాత్రం మారలేదు.

పేజీని కాపాడేది ఎవరు?

ఈ కథనంతా చెప్పగల జిల్లా పేజీలు వేగంగా మాయమవుతున్నాయి. 1954 నాటి చట్టాన్ని 1956లో సవరించి పత్రికలను కూడా దాని కిందకు తెచ్చారు. ప్రచురణకర్తలు దేశంలోని నాలుగు పెద్ద గ్రంథాలయాలకు ప్రతులు పంపాలి. ప్రధాన సంచిక ఏదో ఒకచోట భద్రంగా వుంటుందన్న ధైర్యం అందువల్లనే. ప్రధాన సంచికను బైండు చేయించేవారు కూడా జిల్లా అనుబంధాన్ని విడదీసి పక్కన పడవేయడం కద్దు. చిన్న సైజు కాగితం పెద్ద బైండులో ఇమడదు. వార్త పాతబడింది, ప్రకటన గడువు తీరింది, ఇక దీనికి విలువ ఏముందని అనుకుంటారు. చివరకు అది కిలోల లెక్కన అమ్ముడుపోయి శెనక్కాయల బండి చేరుతుంది.

ఇతర చోట్ల జరిగిన మంచి పని మనకు ఆదర్శం కావాలి. 1918లో వెలసిన వేటపాలెం సారస్వత నికేతనం పాత తెలుగు పత్రికలను కంటికి రెప్పలా కాపాడుకుంటూ వస్తున్నది. దూరప్రాంతాల నుంచి పరిశోధకులు అక్కడికి వెళ్లి రోజుల తరబడి కూర్చుంటారు. ప్రెస్ అకాడమీ పాత పత్రికలను ఎన్నింటినో స్కాన్ చేయించింది. ఆంధ్రపత్రికలో నూరేళ్ల కిందటి మందుల ప్రకటనను నేడు మనం చూడగలుగుతున్నామంటే అటువంటివారి శ్రద్ధ వల్లనే. నూరేళ్ల కిందటిది దొరుకుతూ, ముప్పయి ఏళ్ల కిందటి మన జిల్లా పేజీ దొరకకపోవడం విచారకరం.

దీనికి కోట్లు అక్కరలేదు. జిల్లా కేంద్ర గ్రంథాలయంలో ఒక బీరువా, ఒక స్కానరు, ఓపిక గల ఇద్దరు మనుషులు చాలు. పత్రికల పాత ఏజెంట్లు, ఫొటోగ్రాఫర్లు, ప్రెస్సు యజమానులు, వాహనాల డీలర్లు తమ వద్ద వున్న పాత కాగితాలు ఇస్తే పని మొదలవుతుంది. మొదటి బండి ప్రకటనను పటం కట్టించి దుకాణంలో పెట్టుకున్న వ్యాపారి వుంటే, పటం వెనుక భాగాన్ని కూడా ఒకసారి ఫొటో తీయనివ్వాలి. అక్కడ ఏ వేలం నోటీసు వుందో, ఏ కరువు వార్త వుందో ఎవరికి తెలుసు?

గ్రంథాలయ సంస్థ, విశ్వవిద్యాలయం, స్థానిక పత్రికా కార్యాలయాలు యీ విషయమై శ్రద్ధ వహించడం అవసరం. ఇంట్లో పాత ట్రంకు పెట్టె అడుగున పరచిన కాగితాన్ని పారవేసేముందు పాఠకులు కూడా ఒకసారి తిరగవేసి చూడాలి. బొమ్మలోని కారు ఎన్నడో తుక్కు కింద అమ్ముడుపోయి వుంటుంది. దాన్ని కొన్నవారి కష్టం, కొనలేకపోయినవారి ఆశ మాత్రం ఆ కాగితం మీదనే మిగిలి వున్నాయి.